డిస్కసు చేపలకు చిన్న చేపల తోడు

మన పాఠశాల ఆటల పోటీలలో పెద్ద తరగతుల బాలురు విసరెడు గుండ్రని బిళ్లను చదువరులెల్లరు నెఱుగుదురు. దాని పేరే ఒక చేపకును గలిగినది. డిస్కసు చేప ప్రక్కనుండి చూచిన పళ్లెమువలె గుండ్రముగను, ఎదుటినుండి చూచిన నిలువుగా నిలిపిన పలకవలె సన్నముగను నుండును. దక్షిణ అమెరికా ఖండమునందలి అమెజాను నదియు, దాని ఉపనదులును దీని పుట్టినిల్లు. 1840వ సంవత్సరమున హెకెల్ అను ఆస్ట్రియా దేశపు పండితుడు దీనిని శాస్త్రరీతిగా వర్ణించెను. తల్లియు తండ్రియు తమ చర్మముపై నూరెడు జిగురునే పిల్లలకు ఆహారముగా నిచ్చి పెంచుట దీని విశేషము. చేపలలో నిట్టి వాత్సల్యము మిక్కిలి అరుదు.

మల్యాలలో మా యింటి ముందుగదియందు మూడువందల లీటర్లు పట్టు గాజుతొట్టి యొకటి గలదు. అందులో ఆరు డిస్కసులను విడిచితిని. వాని వెల విని మా యింటిలోనివారు గొణిగిన మాటలు ఇచ్చట వ్రాయవలదని నాకు ఆజ్ఞ. మూడు వారములు గడచినను ఆ చేపలు కొయ్యదుంగ చాటున నక్కియుండెను. ఎవరైన గదిలోనికి వచ్చినంతనే వాని మేనిరంగు నల్లబడెడిది. వేసిన మేత అడుగునబడి కుళ్లెడిది. అప్పుడొక మిత్రుడు “చిన్నచేపల గుంపును తోడు విడువుము, భయము తీరును” అని చెప్పెను. పట్టణమున నొక యంగడిలో పండ్రెండు నియాన్ టెట్రాలను కొనితెచ్చితిని. మిత్రుని మాట నిజమైనది. నాలుగవ దినమున డిస్కసులు దుంగ విడిచి నడిమికి వచ్చినవి. కాని మా చిన్నమ్మాయి ప్రతి యుదయమును ఆ చిన్నవానిని లెక్కించెడిది. పండ్రెండు, పదకొండు, తొమ్మిది, ఐదు. రెండు నెలలు నిండక మునుపే లెక్కించుటకు ఏమియు మిగులలేదు. నేను చేసిన తప్పేమో తెలిసికొనక మఱల చేపలను తేనని ఆమెకు మాట యిచ్చితిని. అట్లు తెలిసికొన్న సంగతులే ఈ వ్యాసము.

మొదట, చిన్నచేపల వలన పెద్దచేపలకు ధైర్యమెట్లు కలుగును? చెరువుగట్టున కూర్చుండి పరకపిల్లలను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. లకుముకిపిట్ట నీడ నీటిపై బడగానే వందల పిల్లలు ఒక్కటే దేహమైనట్లు మలగును. చేపలకు ప్రక్కలయందు తోకవఱకు పార్శ్వరేఖ యను నొక యింద్రియము గలదు. ఇరుగుపొరుగు చేపల కదలికవలన నీటిలో పుట్టు ఒత్తిడిని అది గ్రహించును. గుంపు నడుమ శత్రువునకు ఏ యొక్కదానిపైనను చూపు నిలువదు. అపాయము లేనప్పుడు అవి విడివడి మేయుచుండును. డిస్కసు ఈ భాష నెఱిగిన చేప. బయట చిన్నవి నిశ్చింతగా తిరుగుచున్న యెడల గండము లేదని గ్రహించి తానును బయటికి వచ్చును. కావున రెండు మూడు చిన్నచేపల వలన ప్రయోజనము లేదు. అవియే బెదరి నక్కును. వానిని జూచి పెద్దవియు నక్కును. పదింటికి తక్కువ కాకుండవలెను, ఇరువది యైన మఱియు మేలు.

ఇక నా తప్పు. డిస్కసునకు నీరు 28 మొదలు 30 సెంటిగ్రేడు డిగ్రీల వెచ్చదనము గలిగియుండవలెను. నియాను చేపకు 21 మొదలు 25 డిగ్రీలు హితము. వెచ్చని నీటిలో దాని దేహవ్యాపారము త్వరపడును, ఆయువు తఱుగును. పైగా నీరు వెచ్చనైనకొలది అందులో కరగియుండు ప్రాణవాయువు తగ్గును: 20 డిగ్రీలయొద్ద లీటరునకు సుమారు 9 మిల్లీగ్రాములు ఇముడునది, 30 డిగ్రీలయొద్ద ఏడున్నర మాత్రమే. కన్నులకు అందముగా నున్నవని ఒకచో నుంచితినే గాని, ఆ రెండును ఒకే నీటిలో బ్రతుకగలవా యని నేను విచారింపనైతిని.

నియానును పోలినదే కార్డినల్ టెట్రా. రెంటికిని నీలిగీటు గలదు. నియానునకు ఎఱ్ఱగీటు నడుమునుండి తోకవఱకే యుండును. కార్డినలునకు తలనుండి తోకదాక యుండును. కొనునప్పుడు ఈ గుర్తు మఱవరాదు. రోమను సంఘపు కార్డినలులు ధరించు ఎఱ్ఱని యంగీలనుబట్టి దీనికీ పేరు వచ్చినది. 1956వ సంవత్సరము ఫిబ్రవరి మాసమున వేర్వేరు పండితులు దీనికి వేర్వేరు శాస్త్రనామములు ప్రకటించిరి. ఒక్క దినము ముందు వెలువడిన నామమే నిలిచినది! ఈ చేప 28, 29 డిగ్రీల నీటిలోను సుఖముగా నుండును. దీని స్వస్థానము రియో నీగ్రో, అనగా నల్లనది; రాలిన యాకులు నాని ఆ నీరు తేనీటి రంగు గలిగియుండును. ఆ నది యొడ్డున బ్రెజిలు దేశపు బార్సెలోసు అను నూర అలంకారపు చేపల పండుగ కలదు. అందు జనులు కార్డినలు పక్షమనియు డిస్కసు పక్షమనియు చీలి ఆటపాటలలో పోటీపడుదురు. తొట్టిలో చెలిమి చేయునవి అచ్చట ప్రతిపక్షములైనవి!

కార్డినలు దొరకనిచో ఎఱ్ఱముక్కు టెట్రా తగినది. అది మిక్కిలి దట్టమైన గుంపుగా నీదును. నీరు చెడినచో దాని ముక్కుమీది యెఱుపు పాలిపోవును గనుక మనకొక హెచ్చరిక వంటిది. అడుగున మిగిలిన మేత నేరుకొనుటకు స్టెర్బా కోరిడోరాసు అను చిన్న మీసాలచేప మంచిది. దాని జాతివి తక్కినవి పెక్కు చల్లని నీరు కోరును. పులిచారల బార్బు రెక్కలు కొఱుకును గనుక కూడదు. గాజునకంటిన పాచిని తినునని కొనితెచ్చు సక్కరు చేప, రాత్రివేళ డిస్కసు మేనికంటుకొని జిగురును గీకివేయును. దానిని వదిలించుకొనుటకు చెరువులో విడుచువారు గలరు. అది మహాపచారము. మన తెలుగునాట నీళ్లలో నది పెరిగి జాలరుల వలలను చింపుచున్నది. దానికి దెయ్యపు చేప యని పేరు.

మన ప్రాంతపు బోరునీటిని కాచిన గిన్నె యడుగున తెల్లని పొర గట్టుట చూచుచునే యున్నాము. ఆ యుప్పులు నల్లనది నీటిలో లేవు. తొట్టెలలో పుట్టిపెరిగిన డిస్కసు కొంతవఱకు ఓర్చుకొనును గాని, నదినుండి పట్టితెచ్చిన కార్డినలు అంతగా నోర్వదు. తొలివానలు పోయినపిమ్మట శుభ్రమైన డాబామీద పట్టిన వాననీటిని కొంచెము కొంచెముగా కలుపుచు రావలెను. ఒక్కమాఱుగా మార్చిన చేపకు ప్రాణాపాయము. ఎండిన బాదమాకులు రెండు వేసినచో నీటికి ఆ తేనీటి రంగును, కొంత పులుపును వచ్చును. కుళాయినీటిలో క్లోరిను ఉండును గనుక తొట్టిలో పోయకముందు ఒక దినము తెఱపిని ఉంచవలెను.

క్రొత్త తొట్టిలో వెంటనే చేపలను విడువరాదు. మలమునుండి పుట్టు అమ్మోనియా యను విషమును హరించు సూక్ష్మజీవులు వడపోతయందు నెలకొనుటకు నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. చిన్నచేపలను తెచ్చినపిమ్మట మఱియొక పాత్రలో నాలుగు వారములు వేఱుగా నుంచి రోగము లేదని తెలిసికొనవలెను. ఈ పని నేను మొదట చేయలేదని ఒప్పుకొనుచున్నాను. మఱియు, అంగుళమునకు తక్కువైన పిల్లలను తేవలదు. డిస్కసు సాధువే గాని నోటికి పట్టినదానిని విడువదు. మేతయందు చిన్నవి చుఱుకు, పెద్దవి నెమ్మది. ఒక చివర చిన్నవానికి సన్నని పొడి చల్లి, అవి అందు మునిగియుండగా రెండవ చివర డిస్కసులకు వేయుచున్నాను.

వేసవియే మనకు పెద్ద పరీక్ష. వైశాఖమున మా గదిలోని నీరు తానే 33 డిగ్రీలు దాటును. తొట్టిమూత తీసి నీటిపై పంఖాగాలి తగులునట్లు చేసినచో ఆవిరియగుటవలన రెండు మూడు డిగ్రీలు దిగును. విద్యుత్తు పోయినప్పుడు చెంబుతో నీరు ముంచి ఎత్తునుండి పోయుచుండిన గాలి కలియును. ఈ పని మా అమ్మాయిది.

ఇప్పుడు తొట్టిలో పదునెనిమిది కార్డినలులున్నవి. ఒక వేసవి గడచినది. అవి ఒకచో నిలువవు గనుక నేను పదునెనిమిది యన్నచో ఆమె పదునేడనును. ఇద్దరమును మఱల మొదటినుండి లెక్కించుచుందుము.