కోళ్లను కమ్మే వేళ

"పొద్దుగూకింది, కోళ్లను కమ్మినవా?"

సాయంకాలం పల్లెలో పెద్దవాళ్లు అడిగే మాట ఇది. 'కోళ్ల ఫారం' అంటే మీలో అందరికీ తెలుసు. కాని 'కోళ్లను కమ్మడం' అంటే ఏమిటో ఎందరు చెప్పగలరు? మా ఝరాసంగం పిల్లలైనా, హైదరాబాదు పిల్లలైనా ఒకసారి ఆలోచించండి.

ఆకాశాన్ని మబ్బులు కమ్మాయి అంటాం. లోకాన్ని చీకటి కమ్మింది అంటాం. పైనుంచి వచ్చి నాలుగు వైపులా కప్పివేయడమే కమ్మడం. వెదురు బద్దలతో అల్లిన పెద్ద గంపను బోర్లించి, దాని కింద కోళ్లను మూసి ఉంచడం కోళ్లను కమ్మడం అన్నమాట. గంప కదలకుండా పైన ఒక రాయి పెడతారు. తెల్లవారాక గంప ఎత్తితే కోళ్లు మేతకు పోతాయి.

గంప, గూడు ఒకటేనా?

కాదు. గంపను ఎక్కడికైనా తీసుకుపోవచ్చు. గూడు ఉన్నచోటనే ఉంటుంది. గోడ వారగా రాళ్లు, మట్టి పేర్చి, చిన్న వాకిలి పెట్టి కట్టేది కోళ్ల గూడు. 'గూడు' చాలా పాత మాట. పిచ్చుక గూడు, సాలెగూడు, పట్టుగూడు, గోడలో దీపపు గూడు, గూడుబండి, ఎముకల గూడు - వీటన్నిటిలో ఉన్న పోలిక గమనించారా? లోపల ఖాళీ, చుట్టూ కప్పు.

ఝరాసంగం దాటి కొంత దూరం పోతే కర్ణాటకలోని బీదరు జిల్లా వస్తుంది. కన్నడంలోనూ గూడును గూడు అనే అంటారు. కోడిని 'కోళి' అంటారు. తమిళంలో గూడు 'కూడు' అవుతుంది. మన కూడు అన్నం కదా, పొరపాటు పడకండి! ఈ భాషలన్నీ ఒకే కుటుంబానికి చెందినవని ఇలాంటి మాటలే సాక్ష్యం చెబుతాయి.

చీకటిలో కోడి ఎందుకు కదలదు?

పగలంతా చేతికి చిక్కని కోడి, మసక చీకటి పడితే సులభంగా దొరుకుతుంది. కారణం దాని కంటిలో ఉంది. కంటి లోపలి నేత్రపటలంలో రెండు రకాల కణాలుంటాయి. శంకు కణాలు వెలుతురులో రంగులను గుర్తిస్తాయి. దండ కణాలు మసక వెలుతురులో పనిచేస్తాయి. కోడి కంటిలో శంకు కణాలదే పైచేయి. అందువల్ల పగలు దాని చూపు చాలా చురుకు, రాత్రి మాత్రం మందం. మనుషులకు 'ఎ' విటమిను లోపించి వచ్చే రేచీకటి వంటి జబ్బు కాదిది. దాని పుట్టుకే అంత.

కోడికి పూర్వీకులు అడవికోళ్లు. అవి రాత్రిపూట చెట్టు కొమ్మలెక్కి పడుకొంటాయి. ఊరికోడికి ఆ కొమ్మకు బదులు మనిషి ఇచ్చినవే గూడు, గంప. అడవిపిల్లి, పాము తిరిగే వేళలో కోడికి చూపు ఆనదు. ఒక్క రాత్రి కమ్మడం మరిస్తే, గుడ్లు అమ్మి ఇంట్లో చిల్లర ఖర్చులు గడుపుకొనే తల్లికి నష్టం తప్పదు.

మరి గంప కింద చీకటిలో ఉన్న పుంజు తెల్లవారబోతున్నదని ఎలా కనిపెడుతుంది? 2013లో జపానులోని నగోయా విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ సంగతి తేల్చారు. రోజంతా ఒకే మసక వెలుతురులో ఉంచినా పుంజులు రోజుకొకసారి వేళకు కూశాయి. దాని శరీరంలోనే ఒక గడియారం ఉన్నదన్నమాట.

గంప అల్లికలో విజ్ఞానం

గంపకు మూలలు లేవు. ఇది చిన్న విషయం కాదు. చలి వేసినా, బెదిరినా కోడిపిల్లలు మూలకు చేరి ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి. అడుగున పడినవి ఊపిరాడక చనిపోతాయి. అందుకే నేటి కోళ్ల ఫారాల్లో కూడా పిల్లలను ఉంచే చోట రేకుతో గుండ్రంగా దడి కడతారు.

అల్లికలోని సందులు కూడా అవసరమే. కోడి రెట్టలో యూరిక్ ఆమ్లం ఉంటుంది. తడి తగిలితే సూక్ష్మజీవులు దానిని విడగొడతాయి, అప్పుడు అమ్మోనియా వాయువు పుడుతుంది. ఆ ఘాటుకు కోళ్ల కళ్లు మండుతాయి, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. సందులున్న గంపలోనుంచి ఆ వాయువు, కోళ్లు వదిలిన తేమ బయటికి పోతాయి. గంపను రోజుకో చోట పెడితే నేల కూడా ఆరుతుంది.

ఇక్కడే ఒక హెచ్చరిక. మన జహీరాబాదు ప్రాంతంలో చలి ఎక్కువ. చలికాలం వస్తే పక్కనున్న కోహీరు పేరు వార్తల్లో తరచు వినిపిస్తుంది. చలి తగలకూడదని గంప చుట్టూ పాలిథిన్ కాగితం బిగించి కట్టకండి. చలి ఆగుతుంది గాని గాలి కూడా ఆగుతుంది. గాలి వీచే వైపు మాత్రం గోనెపట్టా కప్పి, పైభాగం వదిలేయండి. కింద పొడి ఊక పరచండి.

హైదరాబాదులోని రాజేంద్రనగర్‌లో కేంద్ర ప్రభుత్వ కోళ్ల పరిశోధన సంస్థ ఉంది. పెరటిలో పెంచడానికి వనరాజ, గ్రామప్రియ అనే రకాలను రూపొందించింది ఆ సంస్థే. ఈ రకాల పిల్లలకు మొదటి ఆరు వారాలు వెచ్చదనం, టీకాలు, ప్రత్యేక సంరక్షణ కావాలి. ఆ తరువాత అవి పెరటిలో తిరిగి మేస్తాయి. వాటికీ రాత్రి గూడు కావలసిందే. కోడి రకం మారినా, రాత్రిపూట దాని చూపు మారలేదు కదా!

మీరు చేయండి

మీ ఇంట్లో పెద్దవాళ్లను అడిగి కోళ్ల పెంపకానికి సంబంధించిన పది మాటలు రాసుకోండి: పొదుగుడు కోడి, పుంజు, పెట్ట, గంప... ప్రతి మాట ఎదుట ఆ వస్తువు దేనితో చేస్తారో, ఎందుకు అలా చేస్తారో రాయండి. మాట మరిస్తే దాని వెనక ఉన్న పనితనం కూడా మరుగున పడుతుంది. పాత మాటను పరీక్షించి చూడటమూ విజ్ఞానశాస్త్రమే.