పొయ్యికీ ఒక విశ్రాంతి దినం

ఆదివారం ఇంటిల్లిపాదికీ సెలవు. ఇల్లాలికి మాత్రం రెట్టింపు పని. విశ్రాంతి దినాన్ని ఆజ్ఞాపించిన దేవుడు స్త్రీని మరచిపోయాడా?

ఎన్టీఆర్ జిల్లా గంపలగూడెం మండలంలోని నెమలి గ్రామం పేరు అక్కడి వేణుగోపాలస్వామి ఆలయం వల్ల చాలామందికి తెలుసు. తిరువూరు నుంచి ఆ వైపు సాగిపోతే దారి పొడవునా మామిడి తోటలు, వరి పొలాలు, పత్తి, మిర్చి చేలు. ఆ చేలలో నాట్లు వేసేది, కలుపు తీసేది, పత్తి తీసేది, మిరపకాయలు కోసేది ఎక్కువగా స్త్రీలే. వారిలో క్రీస్తును నమ్ముకున్నవారు ఎందరో ఉన్నారు. వారమంతా ఎండలో వంగి పనిచేసిన ఆ తల్లికి ఆదివారం ఎలా తెల్లవారుతుంది? చీకటితోనే లేచి వాకిలి ఊడ్చాలి, నీళ్లు పట్టాలి, పిల్లలకు తలంటు పోయాలి, కూరకు మసాలా నూరాలి. అందరికన్నా ముందు మందిరానికి వెళ్లి చాపలు పరచాలి. ఆరాధన ముగియగానే పరుగున ఇంటికొచ్చి చుట్టాలకు వడ్డించాలి. మధ్యాహ్నం అందరూ కునుకు తీస్తుంటే ఆమె ముందు వారం రోజుల మాసిన బట్టలు గుట్టగా ఉంటాయి. పట్నంలో టీచరుగానో, నర్సుగానో, బ్యాంకు ఉద్యోగిగానో ఉన్న సోదరి ఆదివారం కూడా దీనికి పెద్ద తేడాగా ఉండదు. సోమవారం వస్తేనే కాస్త ఊపిరి ఆడుతుందనుకునే విశ్వాసురాళ్లు మన సంఘాల్లో తక్కువేమీ కాదు.

ఇది ఒక్క ఊరి కథ కాదు. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ప్రకారం మన దేశంలో ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు సగటున 289 నిమిషాలు జీతం లేని ఆ పనిలోనే గడుపుతున్నారు. ఇంటి పనిలో చేయి పెట్టే పురుషులు గడిపేది 88 నిమిషాలు. అది కూడా ఆ పని చేసే కొద్దిమంది పురుషుల లెక్కే! ఈ అంకెల్లో క్రైస్తవ కుటుంబాలకు వేరే గడి లేదు. మన ఇళ్లు ఇందుకు భిన్నంగా ఉన్నాయని గుండెమీద చెయ్యి వేసుకుని చెప్పగలమా?

పట్టికలో భార్య ఎందుకు లేదు?

పది ఆజ్ఞలలో నాలుగవది చాలా పొడవైన ఆజ్ఞ. విశ్రాంతి దినాన ఎవరెవరు పని మానాలో అందులో దేవుడే పట్టిక రాసిచ్చాడు (నిర్గమ 20:10). నీవు, నీ కొడుకు, నీ కూతురు, నీ దాసుడు, నీ దాసి, నీ పశువు, నీ ఇంట ఉన్న పరదేశి... అందరూ ఉన్నారు. ద్వితీయోపదేశకాండంలో ఇదే ఆజ్ఞను తిరిగి చెప్పినప్పుడు ఎద్దును, గాడిదను కూడా పేరుపెట్టి చేర్చాడు (5:14). కాని రెండు పట్టికల్లోనూ భార్య మాట లేదు! అయితే అందరూ విశ్రమించే రోజున వండి వడ్డించేందుకు ఆమెను దేవుడు పనిలోనే ఉంచేశాడా?

లేదు. దాసికి, గాడిదకు విశ్రాంతినిచ్చిన దేవుడు ఇంటి యజమానురాలికి ఇవ్వకుండా ఉంటాడా? ఆమె 'నీవు' అన్న మొదటి మాటలోనే ఉంది. భర్తతో సమానంగా ఆమెతోనూ దేవుడు నేరుగా మాట్లాడాడు. అంటే విశ్రమించే హక్కే కాదు, తన కింద పనిచేసేవారిని విశ్రమింపజేసే బాధ్యత కూడా ఆమెకు అప్పగించాడు. షూనేము స్త్రీ కథలో దీనికి చక్కని ఆధారం ఉంది. కొడుకు చనిపోయిన సంగతి చెప్పకుండా ఆమె ఎలీషా దగ్గరకు బయలుదేరితే, ఇది అమావాస్యా కాదు, విశ్రాంతి దినమూ కాదు కదా, ఇవాళెందుకు వెళ్తున్నావని భర్త అడిగాడు (2 రాజులు 4:23). ఆ ఇంట్లో ఇల్లాలు విశ్రాంతి దినాన పనులన్నీ పక్కనబెట్టి దైవజనుడి వద్దకు వెళ్లడం మామూలేనని ఆ ప్రశ్నను బట్టే తెలుస్తోంది.

మొదటి పాఠం వంటింట్లోనే

విశ్రాంతి దినాన్ని ఇశ్రాయేలీయులు మొదట నేర్చుకున్నది సీనాయి కొండ దగ్గర కాదు. అంతకుముందే అరణ్యంలో, మన్నా ఏరుకునే చోట నేర్చుకున్నారు (నిర్గమ 16). ఆరో రోజున రెట్టింపు మన్నా దొరికింది. కాల్చుకునేది, వండుకునేది ఆ రోజే ముగించుకొమ్మని మోషే చెప్పాడు. మిగతా రోజుల్లో మరునాటికి పురుగు పట్టే మన్నా విశ్రాంతి దినాన చెడిపోలేదు. మన్నాను తిరగలిలో విసరాలి, లేదా రోట్లో దంచాలి, ఆపైన వండాలి (సంఖ్యా 11:8). ఆ కాలంలో తిరగలి స్త్రీల చేతిలోనే ఉండేది. కనుక వారానికి ఒకరోజు తిరగలి మోత ఆగిపోతే ముందుగా సేదదీరింది ఎవరి చేతులో వేరే చెప్పాలా? తర్వాత ధర్మశాస్త్రం ఇంకా ముందుకు వెళ్లి, ఆ రోజున ఇళ్లలో నిప్పే రాజేయవద్దంది (నిర్గమ 35:3). దేవుడు పొయ్యికీ సెలవిచ్చాడు!

యూదుల విశ్రాంతి దినం శనివారం. ప్రభువు తిరిగి లేచిన ఆదివారాన్ని సంఘం తొలినుంచీ ఆరాధనకు ప్రత్యేకించుకుంది. అడ్వెంటిస్టు సహోదరులు శనివారాన్నే ఆచరిస్తున్నారు. మనం ధర్మశాస్త్రం కింద లేము, పొయ్యి వెలిగించడం పాపమనీ ఎవరూ చెప్పడంలేదు. కాని ఆజ్ఞలోని అక్షరం నుంచి విడుదల పొందిన మనం, అందులోని దయను కూడా వదిలేసుకున్నామేమో ఆలోచించాలి.

ఆదివారం కోసం నలిగిన పెద్దలు

రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ క్రీ.శ. 321లో ఆదివారాన్ని సెలవు దినంగా ప్రకటించాడు. న్యాయాధిపతులు, పట్టణవాసులు, చేతిపనివారు ఆ రోజు పని మానాలన్నాడు. పొలం పనులకు మాత్రం మినహాయింపు ఇచ్చాడు. సెలవు పట్నానికే, పల్లెకు కాదు! మన దేశంలోనూ బొంబాయి మిల్లు కార్మికులకు ఆదివారం సెలవు ఊరికే రాలేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో ఏళ్ల తరబడి పోరాడితే 1890లో వచ్చింది.

తెలుగునాట పొలం కూలీలు అంతకంటే ముందే ఆదివారం కోసం నిలబడ్డారు. కృష్ణా ప్రాంతపు దళితవాడల్లో సువార్త 1859లో రాఘవాపురం వాసి పగోలు వెంకయ్య, బెజవాడ మిషనరీ డార్లింగ్ ద్వారా వేళ్లూనింది. ఆ తర్వాత 1866లో ఒంగోలు చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ, యర్రగుంట్ల పేరయ్య వంటి తొలి విశ్వాసుల తోడ్పాటుతో పల్లెపల్లెనా సువార్త ప్రకటించాడు. అక్కడ బాప్తిస్మం పొందేవారికి మూడు నియమాలు ఉండేవి. ఆదివారం పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసం తినకూడదు, విగ్రహాలకు మొక్కకూడదు. మనకు మొదటి నియమం తేలికగానే కనిపిస్తుంది. కాని తరతరాలుగా రైతు పిలిస్తే పరుగెత్తాల్సిన వెట్టి మనిషి, వారంలో ఒకరోజు నేను రానని చెప్పడం ఆ రోజుల్లో ఎంత సాహసం! దానికి ఊరి పెద్దల ఆగ్రహం, వేధింపులు ఎదురయ్యాయి. అయినా వారు వెనక్కి తగ్గలేదు. 1878 జూలై 3న ఒక్కరోజే గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మం పొందారు.

ఆ ఒక్క రోజు వారికి సెలవు మాత్రమే కాదు. 'నేను దొర సొత్తును కాను, దేవుని బిడ్డను' అని ఊరందరి ఎదుట చెప్పిన సాక్ష్యం. ఐగుప్తులో దాసులై ఉన్న సంగతి గుర్తుంచుకుని విశ్రమించమని దేవుడు చెప్పింది కూడా ఇందుకే (ద్వితీ 5:15). దాసుడికి సెలవు ఉండదు, స్వతంత్రుడికే ఉంటుంది. ఇంత వెల చెల్లించి తాతలు సంపాదించిన ఆదివారం నేడు ఆ ఇళ్లలోని పురుషులకు అందింది. స్త్రీలకు సగమే అందింది. మిగతా సగాన్ని ఆపుతున్నది ఇప్పుడు ఏ భూస్వామీ కాదు, మనమే.

పద్దెనిమిదేళ్లు వంగిన నడుము

ఒక విశ్రాంతి దినాన యేసుప్రభువు సమాజమందిరంలో బోధిస్తున్నాడు. పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయి, చక్కగా నిలబడలేని స్త్రీ అక్కడ ఉంది (లూకా 13:10-17). ఆమె అడగలేదు. ప్రభువే చూసి, దగ్గరకు పిలిచి, చేతులుంచి స్వస్థపరిచాడు. మందిరం అధికారికి కోపం వచ్చింది. పనికి ఆరు రోజులున్నాయి, స్వస్థత కావాలంటే ఆ రోజుల్లో రండని జనాన్ని గద్దించాడు. విశ్రాంతి దినాన మీ ఎద్దును, గాడిదను విప్పి నీళ్లకు తోలుకెళ్లరా, అబ్రాహాము కుమార్తె అయిన ఈమెను కట్ల నుంచి విప్పకూడదా అని ప్రభువు అడిగాడు.

ప్రభువు దృష్టిలో విశ్రాంతి దినమంటే కట్లు విప్పే దినం. నాట్లకు వంగి, కలుపుకు వంగి, ఇంటికొచ్చి పొయ్యి దగ్గర, అంట్ల దగ్గర వంగే నడుములు మన మందిరాల్లో ప్రతి వారం వెనుక వరుసలో కూర్చుంటున్నాయి. వారిని మనం చూస్తున్నామా, లేక ఆ అధికారిలా ఆలస్యంగా వచ్చారని మందలిస్తున్నామా?

మార్తను నిందించే ముందు

మార్త, మరియల ప్రసంగం వినని క్రైస్తవ స్త్రీ ఉండదు. మార్తలా ఉండకు, మరియలా ఉండమంటారు. ఆ ప్రసంగం ముగిశాక అదే సోదరి లేచి వెళ్లి వచ్చినవారందరికీ టీలు కాచి ఇస్తుంది! ప్రభువు మార్త సేవను తప్పుబట్టలేదు. అనేక పనులను గూర్చిన తొందరను, కలవరాన్ని తప్పుబట్టాడు (లూకా 10:41). పాదాల దగ్గర కూర్చున్న మరియ చోటును ఆమె నుంచి తీసివేయనివ్వలేదు. అంతేకాదు, పునరుత్థానుడైన ప్రభువు తిబెరియ సముద్ర తీరాన నిప్పులు సిద్ధం చేసి, చేపలు, రొట్టె పెట్టి, రాత్రంతా అలసిన శిష్యులను భోజనానికి పిలిచాడు (యోహాను 21:9-12). మన రక్షకుడు పొయ్యి దగ్గర కూర్చోవడం చిన్నతనం అనుకోలేదు. ఆయన శిష్యులమని చెప్పుకునే భర్తలు, కొడుకులు ఆదివారం ఒక పూట కూర గిన్నె కడిగితే వారి మర్యాదకు వచ్చే లోటేమిటి?

కూలికి వెళ్లక తప్పనివారు

మిర్చి కోతల వేళ పండిన కాయ ఆదివారమని ఆగదు. ఆ రోజు కూలి పోతే అప్పు వాయిదా ఆగిపోయే ఇళ్లున్నాయి. ఆసుపత్రిలో నర్సుకు డ్యూటీ పడుతుంది. అలాంటి సోదరిని దోషిగా నిలబెట్టే హక్కు ఎవరికీ లేదు. ఆకలిగొన్న శిష్యులు విశ్రాంతి దినాన వెన్నులు తుంచితే ప్రభువు వారి పక్షమే వహించాడు. విశ్రాంతి దినం మనుష్యుల కోసమే ఏర్పడిందన్నాడు (మార్కు 2:27). ఆమెకు కావలసింది నింద కాదు, సహాయం. పగలు రాలేనివారి కోసం రాత్రి ఆరాధన పెట్టడం మన పల్లె సంఘాలకు కొత్త కాదు. ఆదివారం దొరకని సోదరికి మరో రోజున ఒక పూటైనా దొరికేలా ఇంటివారు చూడాలి. ప్రయాసపడి భారం మోసేవారిని ప్రభువు తన వద్దకు రమ్మన్నాడు. ఫలానా వారమని షరతు పెట్టలేదు.

ఇంట్లో సంకల్పం చేసుకుంటే మార్పు కష్టమేమీ కాదు. శనివారం సాయంత్రమే ఇంటిల్లిపాదీ కలిసి బట్టలు, నీళ్లు, సరుకుల పని ముగించుకోవచ్చు. ఆదివారం పప్పు, పచ్చడితో సరిపెట్టుకుంటే ఆరాధనకు వచ్చిన లోటు లేదు. మాంసం కూర తినాలనుకుంటే వండే వంతు అందరికీ ఉండాలి. మందిరం ఊడ్చే పని, ప్రేమవిందు వంట యువకులూ పంచుకోవాలి. పాస్టరమ్మ గారికి కూడా ఒక విశ్రాంతి రోజు ఉందో లేదో సంఘ పెద్దలు కనుక్కోవాలి. మన ఇంట అంట్లు తోమే మనిషికి, మన చేలో పనిచేసే కూలీకి వారానికో రోజు కూలి కోయకుండా సెలవిస్తున్నామా? 'నీ దాసి' అన్న మాట ఆజ్ఞలో ఉన్నది వారి కోసమే.

పని మిగిలి ఉండగానే...

ఇవన్నీ చేసినా ఒక పని మిగిలే ఉంటుంది. అన్నీ ముగించాకే కూర్చుంటానంటే ఏ స్త్రీకీ కూర్చునే రోజు రాదు. ప్రభువును సిలువ వేసిన శుక్రవారం సాయంత్రం గలిలయ స్త్రీలు సమాధిని చూసి వెళ్లి, సుగంధద్రవ్యాలు సిద్ధం చేసుకున్నారు. వారు ప్రాణంగా ప్రేమించిన ప్రభువు దేహానికి చేయవలసిన చివరి సేవ అది. అంతకన్నా ముఖ్యమైన పని లోకంలో ఏముంటుంది? అయినా విశ్రాంతి దినం రాగానే ఆ పనిని అక్కడే ఆపి, ఆజ్ఞ ప్రకారం తీరికగా ఉన్నారని లూకా రాశాడు (23:56). ఆదివారం తెల్లవారుజామున వారు వెళ్లేసరికి రాయి దొర్లించి ఉంది. ప్రభువు లేచాడు. వారు మిగిల్చి వచ్చిన పనితో ఇక అవసరమే లేకపోయింది.

సోదరీ, నువ్వు చేతులు ముడుచుకున్నంత మాత్రాన ఇల్లు కూలిపోదు. నువ్వు విశ్రమించే వేళ కూడా నీ దేవుడు పనిచేస్తూనే ఉంటాడు. ఈ ఆదివారం ఆ నమ్మకంతో కాసేపు ఆయన పాదాల దగ్గర కూర్చో. సోదరా, ఆమె కూర్చునేందుకు చోటు నువ్వు చూడు.