ఇంటిల్లిపాదికీ ఒక ఆట

వానాకాలంలో శ్రీరామసాగర్ గేట్లు ఎత్తారంటే పోచంపాడులోని మా ఇంటికి చుట్టాలు వచ్చారన్నమాటే. ఆనకట్టకున్న 42 గేట్లలో ఎన్ని ఎత్తారో లెక్కపెట్టి, నీటి తుంపరలో తడిసి, చీకటి పడేవేళకు ఇల్లు చేరతారు. భోజనాలయ్యాక అసలు చిక్కు మొదలవుతుంది. మా చిన్నతనంలో అటువంటి రాత్రులు కబుర్లతోనే గడిచిపోయేవి. కొన్నేళ్ళ క్రితం ఒక రాత్రి మాత్రం పెద్దలము, పిల్లలు కలిసి తొమ్మిదిమందిమి ఒకే గదిలో కూర్చున్నాము. తొమ్మిది ముఖాలమీదా ఫోను వెలుగే. ఒకరితో ఒకరు మాట్లాడింది లేదు. ఇంతలో కరెంటు పోయింది, ఫోనులలో చార్జింగు కూడా అయిపోవచ్చింది. అప్పుడు మా పిల్లల నాయనమ్మ లేచి, సుద్దముక్కతో నేలమీద అయిదు గళ్ళు అడ్డం, అయిదు గళ్ళు నిలువు గీసి, "చింతగింజలున్నయా ఇంట్ల?" అని అడిగారు.

మా ఇంటిలోనికి బోర్డు ఆటలు వచ్చినది ఆ రాత్రే. ఇప్పుడు శనివారం సాయంత్రమైతే చుట్టుప్రక్కల పిల్లలు, వారి వెనుక వారి తల్లులు మా వరండాలో చాపమీద చేరతారు. "మేము కూడా మొదలుపెట్టాలనుకుంటున్నాము, ఏ ఆట కొనమంటారు?" అని చాలామంది అడుగుతున్నారు. ఏ ఆట కొనాలన్నది తరువాతి మాట. మేము చేసిన తప్పు ముందు చెప్పుకోవాలి.

నాయనమ్మ ఆటతో ఉత్సాహం పుట్టి, ఇంతకంటె గొప్ప ఆటలున్నవట గదా, ఒకటి తెప్పిద్దామనుకున్నాము. జర్మనీలో క్లౌస్ టోయ్‌బర్ అనే ఆయన, వృత్తిరీత్యా కట్టుడు పళ్ళు తయారుచేసేవారు, 1995లో 'కటాన్' అనే ఆటను తెచ్చారు. ఆ దేశంలో 1979 నుండి ఏటా ఒక ఉత్తమమైన ఆటకు బహుమతి ఇస్తున్నారు, ఆ సంవత్సరం అది కటాన్‌కే దక్కింది. ఒక దీవిలో ఇళ్ళు, బాటలు కట్టుకొంటూ, ఇటుకలు, కలప, ఉన్ని, ధాన్యం, ఖనిజం ఒకరితో ఒకరు మార్చుకొంటూ ముందుగా పది పాయింట్లు చేసినవారు గెలుస్తారు. ఆట మంచిదే. తప్పంతా మాది.

పొరుగింటివారిని పిలిచి, పెట్టె వారిముందే విప్పి, నియమాల పుస్తకం మొదటిసారి వారిముందే చదవనారంభించాము. ఇంగ్లీషులో ఒక పేరా చదవడం, దానిని తెలుగులో చెప్పబోవడం, అంతలోనే "కాదు కాదు, ఆగండి" అనడం. ముప్పావుగంట గడిచినా ఒక్క పావు కదలలేదు. పిల్లలు చెక్క ముక్కలతో గోడలు కట్టుకుంటున్నారు. ఇంటాయన రెండుసార్లు ఆవలించి, "పాలు పిండే యాళ్లయింది సార్" అని లేచారు. ఆ తరువాత ఆరునెలల పాటు మా ఇంటిలో టీ త్రాగారే గాని, ఆట మాట ఎత్తనివ్వలేదు.

ఆట తెచ్చినవారు ఎవరినైనా పిలిచేముందు ఒంటరిగా ఒకసారి ఆడి చూడాలి. ఇద్దరి పక్షాన మీరొక్కరే ఎత్తులు వేయండి, ఎవరైనా చూచి నవ్వినా ఫరవాలేదు. ఎక్కడ సందేహం వస్తుందో అప్పుడు తెలుస్తుంది. నేర్పేటప్పుడు, ఎలా గెలుస్తారన్నది మొట్టమొదట చెప్పండి. తన వంతు వస్తే ఏమి చేయాలన్నది ఆ వెంటనే చెప్పి, రెండు నిమిషాల్లో ఆట మొదలుపెట్టండి. మిగిలిన నియమాలు దారిలో ఎదురైనప్పుడు చెప్పవచ్చును. మొదటి ఆట లెక్కలోనిది కాదని ముందుగానే అనేయండి. తప్పు ఎత్తు వేసినవారిని దానిని వెనక్కు తీసుకోనివ్వండి. క్రొత్తవారు ఆట నేర్చుకున్నారా లేదా అన్నది ఆ పూట ప్రశ్న కాదు. వచ్చే శనివారం మళ్ళీ వస్తారా లేదా అన్నదే ప్రశ్న.

అందుకే మొదలుపెట్టేవారికి మేము చెప్పేది, మీ ఇంటిలో ఎవరికో ఒకరికి ఇదివరకే తెలిసిన ఆటతో మొదలుపెట్టండి. చాలా ఇళ్ళలో అది అష్టా చెమ్మా. అయిదేసి గళ్ళ చదరం, నాలుగు ప్రక్కలా నడిమి గడిలోను, సరిగ్గా మధ్య గడిలోను అడ్డగీతలు. ఒక్కొక్కరికి నాలుగు కాయలు, అందరికీ కలిపి నాలుగు గవ్వలు. ఎన్ని వెల్లకిల పడితే అన్ని గళ్ళు, నాలుగూ వెల్లకిల పడితే చెమ్మా, అనగా నాలుగు. నాలుగూ బోర్లా పడితే అష్టా, ఎనిమిది. అడ్డగీతల గడిలో ఉన్న కాయను చంపరాదు. గవ్వలు లేకపోతే చింతగింజలను ఒకవైపు బండమీద అరగదీస్తే తెల్లగా తేలుతుంది, ఆ తెలుపే వెల్లకిల. ఖర్చు లేదు, నియమాల పుస్తకమూ లేదు.

పుస్తకం లేకపోవడంలో ఒక చిక్కు ఉన్నది. ఇంటికొక తీరు. ఒక కాయనైనా చంపితేనే లోపలి వరుసకు పోవాలని ఒకరు, అక్కరలేదని మరొకరు. చెమ్మా, అష్టా పడితే మరొకసారి వేయవచ్చునంటారు, మూడుసార్లు వరుసగా పడితే అదంతా పోయినట్లేనంటారు. మా వరండాలో జరిగిన కొట్లాటలన్నీ దీనిమీదనే. ఆటకు ముందే "ఈ రోజు ఇట్లా" అని ఒక మాట అనుకుంటే చాలును.

ఈ ఆటలో మాకు నచ్చిన సంగతి ఒకటున్నది. గవ్వలు ఎవరి మాటా వినవు గనుక ఏడేళ్ళ పిల్లకు డెబ్బయి ఏళ్ళ నాయనమ్మమీద గెలిచే అవకాశం నిజంగానే ఉన్నది. అట్లాగని అంతా అదృష్టమూ కాదు, పడినదానితో ఏ కాయ జరపాలన్నది ఆలోచించుకోవాలి. చదరంగం ఇలా కాదు. చదరంగం గొప్ప ఆటే. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో 15 ఏళ్ళ వయసుకే గ్రాండ్‌మాస్టరై, 2019లోను 2024లోను ప్రపంచ రాపిడ్ విజేత అయ్యారు. కాని చదరంగంలో బాగా తెలిసినవాడు తెలియనివాడిని ప్రతిసారీ ఓడిస్తాడు. అన్నదమ్ములలో పెద్దవాడికి తెలిసి చిన్నవాడికి తెలియనప్పుడు వారిద్దరినీ దాని ముందు కూర్చోబెట్టి, "బుద్ధి పెరుగుతుంది, ఆడుకోండి" అని వెళ్ళిపోయే తండ్రులను చూచాము. చిన్నవాడికి పెరిగేది బుద్ధి కాదు, కోపం.

ఇద్దరే ఉన్నప్పుడు పులి-మేక ఆడండి. 23 చోట్లున్న పటం, మూడు పులులు, పదిహేను మేకలు. పులి ప్రక్కనున్న మేకమీదుగా ఖాళీ చోటుకు దూకితే మేక పోతుంది, మూడు పులులనూ కదలకుండా కట్టేస్తే మేకలు గెలుస్తాయి. మేకలన్నీ పటంమీద పెట్టేవరకు ఒక్క మేకను కూడా జరపరాదు. క్రొత్తవారికి పులులనే ఇవ్వండి. మేకలను నడపడానికి ఓపిక కావాలి, ఒక్క చోట తొందరపడితే మంద చెదిరిపోతుంది. తరువాతి ఆటకు పక్షాలు మార్చుకోండి.

దాడి ఆట అయితే ఈ ప్రాంతంలో పొలం దగ్గరే నేర్చుకుంటారు. జనవరి నుండి వేసవి మొదలయ్యేవరకు ఆర్మూరు చుట్టుప్రక్కల పసుపు త్రవ్వి, ఉడకబెట్టి, కల్లాలలో ఎండబోస్తారు. ఎండడానికి పది పదిహేను రోజులు పడుతుంది, ఆ రోజులలో రాత్రింబగళ్ళు ఎవరో ఒకరు కావలి ఉండాలి. అటువంటి ఒక కల్లం దగ్గర మేము చూచిన పటం నేలమీద పుల్లతో గీసినది, ఒకదానిలో ఒకటి మూడు చదరాలు, మొత్తం 24 చోట్లు. ఒకరివి తొమ్మిది పసుపు కొమ్ములు, మరొకరివి తొమ్మిది గోళలు. వరుసగా మూడు చేర్చి "దాడి" అన్నవారు ఎదుటివారి కాయ ఒకటి తీసేయవచ్చును. మార్కెట్టులో వేర్వేరు ధర పలికే కొమ్ము, గోళ అక్కడ సమానంగా పోట్లాడుకొంటున్నవి. ఆట అయిపోగానే అన్నీ తిరిగి కుప్పలోకే.

ఇక పెద్దలు కొందరు అడిగే ప్రశ్న ఒకటున్నది. గవ్వలు, పాచికలు మన ఇళ్ళలో ఉండవచ్చునా? మా తాతగారైతే ఉండనివ్వలేదు. ఎవరో పిల్లలు తెచ్చిన గవ్వలను ఆయన బావిలో పడవేయడం మాకు గుర్తున్నది. ఆయన భయం వట్టిది కాదు, పులి-మేకకే కొన్ని చోట్ల పులిజూదమని పేరు. అయితే మత్తీయను పన్నెండవవానిగా ఎన్నుకొన్నదీ చీట్లు వేసియే, సిలువ దగ్గర సైనికులు వస్త్రం కొరకు వేసినదీ చీట్లే. తప్పు చీటీలో లేదు. అబ్రాహాము విడిచి వచ్చిన 'ఊరు' పట్టణం ఇదేనని చాలామంది ఎంచే చోట 1920లలో లియొనార్డ్ వూలీ త్రవ్వకాలు జరిపినప్పుడు ఇరవై గళ్ళ ఆట బల్లలు దొరికాయి. సుమారు 4500 ఏళ్ళ నాటివి. దానిని ఎట్లా ఆడేవారో క్రీ.పూ. 177 నాటి ఒక బబులోను మట్టిపలక నుండి బ్రిటిష్ మ్యూజియం పండితుడు ఇర్వింగ్ ఫింకెల్ చదివి చెప్పారు. అంత పాత అలవాటును మనము బావిలో పడవేయలేము.

పందెం వేరు సంగతి. మాకు తెలిసిన ఒక ఇంటిలో, డిగ్రీ చదివే కుర్రవాడు తండ్రి పసుపు అమ్మిన డబ్బును ఫోనులో రమ్మీ ఆడి పోగొట్టాడు. తండ్రి ఆ సంగతి బ్యాంకుకు వెళ్ళినప్పుడే తెలుసుకున్నారు. తెలంగాణలో 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీని నిషేధించారు, 2025లో దేశమంతటికీ చట్టం వచ్చింది. ఆ కుర్రవాడు ఇప్పుడు శనివారాలు మా చాప దగ్గరకు వస్తాడు, చాలా బాగా ఆడతాడు, చిన్నపిల్లలకు ఓపికగా నేర్పుతాడు. అతని కోసమే మేము ఒక నియమం పెట్టుకున్నాము. రూపాయి సంగతి అటుంచి, చాక్లెట్టును కూడా పందెం పెట్టరాదు.

కొన్ని వారాలు ఇలా గడిచాక పెట్టె ఆటలు కొనండి, అదీ ఒక్కటి. కటాన్‌ను మేము రెండవసారి తీసినప్పుడు పసుపు రైతుల పిల్లలు బేరాలాడిన తీరు చూచి ముక్కున వేలేసుకున్నాము. ఒకటికి ఒకటి ఇస్తారా, రెండు గొర్రెలిస్తేగాని ఇటుక కదలదు! అందరూ ఒక పక్షమై ఆడే ఆటలు కూడా ఉన్నాయి. మ్యాట్ లీకాక్ 2008లో తెచ్చిన 'పాండెమిక్'లో ఆటగాళ్ళు కలిసి రోగాలు వ్యాపించకుండా ఆపాలి, గెలిస్తే అందరూ, ఓడితే అందరూ. ఓడిపోతే ఏడ్చే పిల్లలున్న ఇంటికి ఇది మంచిదే. ఒక్కటే జాగ్రత్త, పెద్దవారు అందరి వంతులూ తామే ఆడేస్తారు. "ఆ కాయ కాదు, ఇది జరుపు" అని నాలుగుసార్లు విన్న పిల్లవాడు అయిదోసారి కాయను మీ చేతికే ఇచ్చి లేచిపోతాడు. మాలో ఒకరికి ఈ జబ్బు ఇంకా ఉన్నది, ఎవరికన్నది వ్రాయము.

పిల్లలను కావాలని గెలిపించవద్దు. వారికి తెలిసిపోతుంది. బలం తేడాగా ఉంటే ఆటకు ముందే చెప్పి వారికి ఒక కాయ తక్కువ ఇవ్వండి, మూడు పండితే చాలును. ఇది మాకు మా వీధి చివరి ఇంటి ఆరేళ్ళ పిల్ల నేర్పింది. ఆమె తండ్రి మస్కట్‌లో పనిచేస్తారు. రెండున్నరేళ్ళ తరువాత ఇంటికి వస్తే ఆ పిల్ల ఆయన దగ్గరకు పోలేదు. తెచ్చిన బొమ్మ తీసుకున్నది, మళ్ళీ తల్లి కొంగు వెనక్కు వెళ్ళిపోయింది. వారం రోజులు ఆయన దానిని చూస్తూ మంచంమీద కూర్చున్నారట. శనివారం తల్లి ఇద్దరినీ మా చాప దగ్గరకు తెచ్చింది. ఆయన అష్టా చెమ్మా ఎప్పుడో మరచిపోయారు. ఎవరూ చెప్పకముందే ఆ పిల్ల, "అట్ల కాదు, నాలుగూ బోర్లా పడాలె" అని గవ్వలు ఆయన చేతిలోనుండి తీసుకొని వేసి చూపించింది. మొదటి ఆటలో ఆయన కావాలని ఓడిపోబోతే కోపగించుకొని, "సరిగ్గ ఆడు" అన్నది. రెండవ ఆటలో ఆయన కాయను చంపి మొదటికి పంపింది. ఆయన తల పట్టుకున్నారు. పిల్ల ప్రక్కకు జరిగి, ఆయన మోకాలిమీద చెయ్యి వేసి, "నాయినా, నీ వంతు" అన్నది.

సెలవు అయిపోయి ఆయన వెళ్ళేనాడు నాయనమ్మ పాత దుప్పటి ముక్కమీద రంగు దారంతో గళ్ళు కుట్టి ఇచ్చారు. అటువంటిదే మరొకటి పిల్ల దగ్గర ఉన్నది. సెలవు దొరికిన శుక్రవారం రాత్రి వీడియో కాల్ చేస్తారు. గవ్వలు ఇద్దరికీ ఇక్కడ పిల్లే వేస్తుంది. ఏ కాయ జరపాలో ఆయన చెబుతారు. పోయిన వారం ఆయనవి మూడు కాయలు ఇంకా మొదటి గడి దాటలేదట. గవ్వలు వేసేది ఆ పిల్లే గనుక, అటు నుండి ఫిర్యాదు వచ్చింది.