వానాకాలంలో మూసే అడవి

అమెజాన్ లాంటి వర్షారణ్యం దగ్గర్లో ఎక్కడైనా ఉందా అని అడిగే గుంటూరువాళ్లకు ముందే చెప్పాల్సిన సంగతి: లేదు. నైరుతి మేఘాలు పడమటి కనుమలు ఎక్కుతూనే సగం బరువు దించేసుకుంటాయి. కర్ణాటకలోని ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. మనకు 800, 900 పడితే మంచి ఏడు. ఆ వానకు పత్తి పండుతుంది, మిర్చి పండుతుంది, ఒక్కోసారి అప్పులూ పండుతాయి. వర్షారణ్యం మాత్రం పెరగదు.

మనకున్నది నల్లమల. వినుకొండ దాటి దోర్నాల చేరితే, శ్రీశైలం రోడ్డులో తుమ్మలబయలు దగ్గర అటవీశాఖ జీపు సఫారీ ఉంది. టేకు, నల్లమద్ది, తునికి, వెదురు ఉన్న ఆకురాల్చే అడవి ఇది. ఆకు ఉన్నంతసేపూ చెట్టులోని నీరు ఆవిరవుతూనే ఉంటుంది. అందుకే ఎండలు ముదిరేసరికి చెట్లు ఆకు దులిపేసి, ఉన్న తేమతో కాలం గడుపుతాయి. ఏడాదంతా వాన చాలే చోట చెట్టుకు ఈ పొదుపు అక్కర్లేదు.

మిర్చి యార్డుకు సెలవులు మేలో. మనవాళ్లకు తీరిక దొరికేదీ అప్పుడే. జీపు కదలగానే "ఇదేం అడవి, అన్నీ మోళ్లే" అంటారు. జంతువులు కనబడాలంటే అదే అదను. చాటుండదు, వాగులు ఎండిపోతాయి, అటవీశాఖ నింపే నీటి గుంటల దగ్గరికి దుప్పులు రాక తప్పదు. అడవి నిండుగా పచ్చబడేది జూలై నుంచి సెప్టెంబరు దాకా. సరిగ్గా ఆ మూడు నెలలే సందర్శకులను లోపలికి రానివ్వరు.

వెంట వచ్చే మనిషి చెంచు అయితే మీ అదృష్టం. ఈ అడవి కాపలాలోనూ చాలామంది చెంచులే ఉన్నారు. అతను కళ్లకన్నా చెవులకు ఎక్కువ పని చెబుతాడు. కొమ్మ మీద కొండముచ్చు దగ్గినట్టు అరిచి, కింద దుప్పి అందుకుని కూసిందంటే, దగ్గర్లో పులో చిరుతో కదులుతోందన్నమాట. జీపులో పాటలు పెడితే ఈ కబురు అందదు. పెట్టినవాళ్లే తర్వాత పులి రాలేదని గైడును నిలదీస్తారు. ఈ అడవి భాగమైన నాగార్జునసాగర్–శ్రీశైలం దేశంలోకెల్లా పెద్ద పులుల అభయారణ్యం. అంత చోటున్న పులి రోడ్డు పక్కనే ఎందుకు నిలబడుతుంది?

పచ్చదనం కావాలంటే అక్టోబరులో వెళ్లండి, జంతువులు కావాలంటే ఏప్రిల్, మేలలో. దోర్నాల దగ్గర అటవీ గేటు రాత్రి తొమ్మిదికి మూసి ఉదయం ఆరుకు తెరుస్తారు. తిరుగు ప్రయాణం దాన్నిబట్టి చూసుకోండి.