గుడ్డను గుచ్చని సూది!

మగ్గం లేదు. నాడె లేదు. అయినా దాన్ని నేత అనే అంటారు. పేరు స్వీడిష్ వీవింగ్. మొన లేని సూది, నాలుగు రంగుల దారం, కాస్త లెక్క... ఇవుంటే చాలు, మామూలు తువ్వాలు కూడా ముచ్చటైన కానుకగా మారిపోతుంది. ఆ లెక్కే సిద్దిపేట నేతన్నలకు కొన్ని తరాలుగా కంఠతా వచ్చు!

కుట్టు అంటే సూది గుడ్డలో దిగాల్సిందే కదా. పైనుంచి కిందికి, కింది నుంచి పైకి. అందుకే ఎంత అందమైన కుట్టయినా వెనక్కి తిప్పి చూస్తే ముడులూ, అడ్డదిడ్డంగా పోయే దారాలూ కనిపిస్తాయి. స్వీడిష్ వీవింగ్‌లో ఆ గొడవే ఉండదు. గుడ్డ నేసేటప్పుడు కొన్ని పోగులు పైకి తేలి ఉంటాయి. సూది ఆ తేలిన పోగుల కిందినుంచి మాత్రమే దూరి వెళ్తుంది. గుడ్డను గుచ్చదు, అడుగుకు దిగదు. ముందువైపు రంగుల హరివిల్లు, వెనకవైపు ఏమీ ఎరగనట్టు తెల్లటి గుడ్డ!

పేరులో స్వీడన్ ఉన్నా ఈ కుట్టుకు బాగా గిరాకీ వచ్చింది మాత్రం అమెరికాలో. 1930, 40 దశకాల్లో అక్కడి గృహిణులు చేతులు తుడుచుకునే తువ్వాళ్ల అంచులకు దీన్ని తెగ కుట్టేవారు. ఆ తువ్వాళ్ల నేతను హకబ్యాక్ అంటారు. నీళ్లను బాగా పీల్చుకునే నేత అది. తర్వాత్తర్వాత గళ్లు పెద్దగా ఉండే దళసరి నూలు గుడ్డ మీద ఊలుదారంతో కుట్టి, దుప్పట్లూ సోఫా కవర్లూ చేయడం మొదలైంది.

గొల్లభామ చెప్పే లెక్క

హైదరాబాద్ నుంచి రాజీవ్ రహదారి మీద వచ్చి, మర్కూక్ దగ్గరి కొండపోచమ్మ సాగర్ చూసి వెళ్లే కుటుంబాలు చాలానే ఉంటాయి. 15 టీఎంసీల ఆ జలాశయాన్ని 2020 మే నెలలో ప్రారంభించారు. కట్ట మీద ఫొటోలు దిగి, అటునుంచే ఇంటికి తిరిగిపోతారు చాలామంది. కానీ మళ్లీ ఆ రహదారి ఎక్కి ముందుకు సాగితే వచ్చేది సిద్దిపేట. గొల్లభామ చీర పుట్టిల్లు.

నెత్తిన కుండ, చేతిలో మరో కుండ, పాలూ పెరుగూ అమ్ముకోను నడిచి వెళ్లే పడతి... నూలు చీర అంచులోనో కొంగులోనో వరసగా కనిపించే ఈ బొమ్మే గొల్లభామ. అది అద్దకం కాదు, కుట్టు కాదు. గుడ్డతోపాటే మగ్గం మీద పుడుతుంది. పడుగు పోగుల మధ్య నాడె ఈ చివరి నుంచి ఆ చివరికి వెళ్తూ చీర నేలను నేస్తుంది. బొమ్మ కోసం అదనపు పేకగా వేసే రంగు దారాలు మాత్రం బొమ్మ ఉన్న చోటే అటూ ఇటూ తిరుగుతాయి. ఏ వరసలో ఎన్ని పోగులు లేవాలి, ఏ రంగు ఎక్కడ ఆగాలి అన్నది నేతగాడి లెక్క. ఒక్క పోగు తప్పితే భామ నడుమో, కుండ మూతో వంకర పోతుంది. సిద్దిపేట గొల్లభామకు 2011-12లో భౌగోళిక గుర్తింపు వచ్చింది.

మగ్గం మీద పడుగు పోగుల్ని లేపి రంగు దారాన్ని పంపిస్తారు. స్వీడిష్ వీవింగ్‌లో ముందే లేచి ఉన్న పోగుల కిందినుంచి సూదితో పంపిస్తారు. రెండింటికీ ప్రాణం లెక్కే. తేడా ఒక్కటే. నేతగాడి బొమ్మ గుడ్డలో భాగం. అది తీస్తే రాదు. ఇంట్లో కుట్టింది మాత్రం నచ్చకపోతే దారం లాగేసి మళ్లీ మొదలుపెట్టొచ్చు. గుడ్డకు చిల్లులు పడవు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు ఇంతకంటే ఏం కావాలి!

ఇలా మొదలుపెట్టండి

మొదటి ప్రయత్నానికి చిన్న తువ్వాలో, పదహారు అంగుళాల దిండు గలీబో చాలు. హకబ్యాక్ గుడ్డ దొరికితే సరే, లేదంటే క్రాస్ స్టిచ్‌కు వాడే మ్యాటీ క్లాత్ ఉండనే ఉంది. గళ్లు కంటికి స్పష్టంగా కనిపించేది ఎంచుకోవాలి. మొన మొద్దుగా, కన్ను పెద్దగా ఉండే సూది తీసుకోవాలి. పదునైన సూది పోగును చీల్చేస్తుంది. సన్నగళ్ల గుడ్డకు ఎంబ్రాయిడరీ దారం, దళసరి గుడ్డకు ఊలు లేదా లావాటి నూలుదారం నప్పుతాయి.

గుడ్డ తేగానే కుట్టడం మొదలుపెట్టకూడదు. ముందు ఉతికి, ఆరేసి, ఇస్త్రీ చేయాలి. ఇలాంటి నూలు గుడ్డలు మొదటి ఉతుకులో బాగా కుంచించుకుపోతాయి. కుట్టాక కుంచించుకుంటే పడ్డ శ్రమంతా ముడతల పాలే. దారం రంగు దిగుతుందేమో కూడా ఓ ముక్కను తడిపి, తెల్లగుడ్డ మీద ఒత్తి చూసుకోవాలి. గుడ్డ అంచులు విడిపోకుండా జిగ్‌జాగ్ కుట్టు వేయించుకోవాలి.

తర్వాత గుడ్డను సగానికి మడిచి మధ్య భాగం గుర్తుపెట్టుకోవాలి. కుట్టు మొదలయ్యేది అక్కడినుంచే. దారంలో సగం ఎడమవైపు, మిగతా సగం కుడివైపు వెళ్లాలి. అప్పుడే రెండు చివర్లా డిజైను ఒకేలా ముగుస్తుంది. దారం మధ్యలో అతుకు పడకుండా ముందే కొలిచి కత్తిరించుకోవాలి. తిన్నగా వెళ్లే వరసకు గుడ్డ వెడల్పు కంటే జానెడు ఎక్కువ చాలు. మెట్లమెట్లుగా ఎక్కి దిగే వరసకు వెడల్పుకు దాదాపు ఒకటిన్నర నుంచి రెండు రెట్లు, చుట్టూ తిరిగే మెలికలకు రెండున్నర నుంచి మూడు రెట్లు పడుతుంది.

మొదటి వరసే కీలకం. దాన్ని ఒకటికి రెండుసార్లు లెక్కపెట్టుకుంటే తర్వాతి వరసలు దాని అడుగుజాడల్లోనే నడిచిపోతాయి. దారాన్ని బిగించి లాగకూడదు, లాగితే గుడ్డ ముడుచుకుంటుంది. చివర్లో ముడి వేయక్కర్లేదు. దారాన్ని వెనక్కి తిప్పి అవే పోగుల కింద నాలుగైదుసార్లు దూర్చి కత్తిరిస్తే సరి.

ముగ్గు వచ్చా? అయితే వచ్చినట్టే!

డిజైన్ల పుస్తకం కోసం వెతుక్కోనక్కర్లేదు. చుక్కల ముగ్గు వేసే చేతికి ఈ లెక్క కొత్తేం కాదు. వాకిట్లో చుక్కలు ఎలాగో, గుడ్డ మీద తేలిన పోగులు అలాగ. గళ్ల నోట్‌బుక్‌లో ముగ్గు వేసుకుని, ఒక్కో గడిని ఒక్కో పోగుగా లెక్కేసుకుంటే మీ ఇంటి డిజైను సిద్ధం. బతుకమ్మలా అంచెలంచెలుగా పైకి సన్నబడే ఆకారాలూ, గుడి గోపురాలూ, వజ్రాలూ, అలలూ ఇందులో చక్కగా ఒదుగుతాయి. పెళ్లిచీర అంచులోని రెండు రంగులు తీసుకుని పడగ్గది దిండ్లకు కుట్టినా, బామ్మ ఇష్టపడే రంగుతో ఆమె కుర్చీకి కవరు కుట్టినా, అది కొనుక్కొచ్చిన వస్తువులా ఉండదు.

పిల్లల పేర్లు కుట్టాలనుకుంటే ఓ చిక్కుంది. మన అక్షరాలు గుండ్రం, ఈ కుట్టు గళ్లకు కట్టుబడింది. కాబట్టి ఒక్కో అక్షరానికి కాస్త ఎక్కువ గళ్లు కేటాయించి, ఒంపుల్ని మెట్లుగా మార్చుకోవాలి. పూర్తి పేరు కంటే మొదటి అక్షరమైతే మేలు. గొల్లభామ బొమ్మ కూడా అంతే. మగ్గం మీద వచ్చినంత ఒయ్యారం సూదికి లొంగదు. ఆమె నెత్తిన కుండనో, వరసగా పేర్చిన కుండల్నో అంచుగా కుట్టుకుంటే అందంగా ఉంటుంది.

ఇంటిపనికి విలువెంత?

పరాయి దేశపు చేతిపని మన ఇళ్లలోకి రావడం ఇదే మొదలు కాదు. 1844 ప్రాంతంలో స్కాట్లాండ్ మిషనరీలైన మెక్రే దంపతులు గోదావరి తీరంలో నేర్పిన లేసు అల్లిక, నర్సాపురం చుట్టుపక్కల వేలమంది మహిళల చేతిపనిగా స్థిరపడింది. 2024లో దానికీ భౌగోళిక గుర్తింపు దక్కింది. కానీ ఆ కథకు మరో వైపుంది. జర్మన్ సామాజికవేత్త మరియా మీస్ 1982లో నర్సాపురం లేసు మహిళల మీద ఓ పుస్తకమే రాశారు. ఇంట్లో కూర్చుని అల్లేది ‘తీరిక వేళ కాలక్షేపం’గా లెక్కకట్టడం వల్లే వాళ్లకు అతి తక్కువ కూలి దక్కిందని అందులో తేల్చిచెప్పారు.

మగ్గం సంగతీ వేరు కాదు. 2019-20 జాతీయ చేనేత గణన ప్రకారం దేశంలో చేనేత, దాని అనుబంధ పనుల్లో ఉన్నవాళ్లు 35 లక్షల పైచిలుకు. వాళ్లలో 72 శాతం ఆడవాళ్లే. నూలు చుట్టడం, పడుగు సిద్ధం చేయడం లాంటి పనులు ఇంటి చాకిరీలో కలిసిపోతాయి. చీర ధర అడిగేటప్పుడు అవేవీ మనకు గుర్తుకురావు.

ఓ చిన్న లెక్క వేద్దాం. అంగుళానికి అయిదు తేలిన పోగులున్న గుడ్డ అనుకోండి. పదహారు అంగుళాల వరస పూర్తవడానికి సూది 80 పోగుల కింద దూరాలి. పది వరసలకు 800. అదీ ఒక్క దిండు గలీబు మీద, ఒక్క పట్టీ కోసం. పూర్తయ్యాక ‘ఎంతకిస్తారు’ అని ఎవరైనా అడిగితే, వంద రూపాయలని చెప్పడానికి నోరు రాదు. అయిదున్నర మీటర్ల చీర నేసి, దాని అంచు పొడుగునా గొల్లభామల్ని నడిపించిన మనిషితో బేరమాడేటప్పుడు గుర్తుండాల్సింది సరిగ్గా ఆ సంగతే.

మరో మాట. ఇంటికోసం, ఇష్టమైనవాళ్లకోసం గొల్లభామను ఎన్నిసార్లయినా కుట్టుకోవచ్చు. కానీ దాన్ని ‘సిద్దిపేట గొల్లభామ’ అని పేరుపెట్టి అమ్మడం మాత్రం తగదు. ఆ పేరు అక్కడి మగ్గాలది. బొమ్మను అచ్చుగుద్దిన చీర ఎదురైనా ఇదే గుర్తుంచుకోవాలి. చీరను వెనక్కి తిప్పి చూడండి. నేసిన బొమ్మయితే రంగు దారాలు అక్కడా కనిపిస్తాయి. గుడ్డ పైపైన మాత్రమే రంగు పూసినట్టుండి, వెనక వెలిసినట్టుంటే అది అద్దకమే.

ఈ సెలవుల్లో ఇంట్లో పెద్దవాళ్లూ పిల్లలూ కలిసి ఓ తువ్వాలు మొదలుపెట్టండి. సూదికి మొన ఉండదు కాబట్టి పదేళ్ల పిల్లలు కూడా భయం లేకుండా పట్టుకోవచ్చు. అబ్బాయిలకూ నేర్పండి. ఈసారి కొండపోచమ్మ సాగర్ చూడ్డానికి మర్కూక్ దాకా వెళ్తే, ఆ తువ్వాలు వెంట పెట్టుకుని సిద్దిపేట కూడా వెళ్లిరండి. మగ్గం మీద గొల్లభామ వరస వరసగా ఎలా పుడుతుందో పిల్లలు చూస్తే, దారం లెక్క వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. దానివెనకున్న మనిషి కష్టం కూడా!