మాల్ ఉంది.. జనమేరీ? హైదరాబాద్‌లో కొన్ని మాల్స్ కిటకిట, ఇంకొన్ని వెలవెల.. ఎందుకిలా?

ఆదివారం సాయంత్రం కొండాపూర్ వైపో, కూకట్‌పల్లి వైపో వెళ్తే మాల్ పార్కింగ్‌లో బండి పెట్టడానికే చాలాసేపు పడుతుంది. అదే హైదరాబాద్‌లో ఇంకో మాల్‌లో అడుగుపెడితే సీన్ వేరు. ఎస్కలేటర్ ఆగి ఉంటుంది. రెండో అంతస్తులో సగం లైట్లే వెలుగుతుంటాయి. వరసగా దించేసిన షట్టర్లు, అద్దాల మీద 'టు లెట్' కాగితాలు. గేటు దగ్గర సెక్యూరిటీ గార్డు ఫోన్ చూసుకుంటూ కూర్చుంటాడు. బ్యాగులు చెక్ చేద్దామన్నా వచ్చేవాళ్లుండాలి కదా!

ఇలాంటి వాటికి రియల్ ఎస్టేట్ వాళ్లు పెట్టిన పేరు 'ఘోస్ట్ మాల్'. దెయ్యాలేమీ ఉండవు. మాల్‌లో 40 శాతానికి మించి జాగా ఖాళీగా పడి ఉంటే దాన్ని ఈ లెక్కలో వేస్తారు. రియల్ ఎస్టేట్ సలహా సంస్థ నైట్ ఫ్రాంక్ 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం దేశంలోని 8 పెద్ద నగరాల్లో ఇలాంటి మాల్స్ 2022లో 57 ఉంటే, 2023 నాటికి 64 అయ్యాయి. వాటి మొత్తం విస్తీర్ణం 1.33 కోట్ల చదరపు అడుగులు. ఇందులో ఢిల్లీ, దాని చుట్టుపక్కల ప్రాంతాలదే పెద్ద వాటా.

హైదరాబాద్ విషయానికొస్తే లెక్క కొంచెం ఊరటనిచ్చేదే. ఇక్కడ ఘోస్ట్ మాల్స్ విస్తీర్ణం 19 శాతం తగ్గి 9 లక్షల చదరపు అడుగులకు వచ్చింది. అయినా తక్కువేం కాదు. 9 లక్షల చదరపు అడుగులంటే 20 ఎకరాల పైమాటే. నగరం నడిబొడ్డున గజం ధర ఎంతుందో తెలిసినవాళ్లకి ఇదెంత డబ్బో వేరే చెప్పక్కర్లేదు.

బిగ్ బజార్ వెళ్లిపోయాక..

నగరంలో మాల్ అలవాటు ఎలా మొదలైందో తెలియాలంటే ఇరవై ఏళ్లు వెనక్కి వెళ్లాలి. కిశోర్ బియానీ 2001లో బిగ్ బజార్ మొదలుపెట్టినప్పుడు తొలి స్టోర్లు వచ్చిన నగరాల్లో హైదరాబాద్ కూడా ఉంది. 2004లో పంజాగుట్టలో హైదరాబాద్ సెంట్రల్ వచ్చింది. అప్పట్లో ఊరి నుంచి చుట్టాలొస్తే చార్మినార్, బిర్లా మందిర్‌తో పాటు దాన్ని కూడా చూపించేవాళ్లు. కొన్నా కొనకపోయినా ఏసీలో రెండు గంటలు తిరిగి, ఎస్కలేటర్ ఎక్కి దిగి వచ్చేవాళ్లు. జనవరి 26 వస్తే బిగ్ బజార్ ఆఫర్ల కోసం క్యూలు కట్టేవాళ్లు.

ఆ బ్రాండ్లను నడిపిన ఫ్యూచర్ గ్రూప్ అప్పుల్లో కూరుకుపోయింది. ఆ మీద కరోనా పడింది. 2020 ఆగస్టులో తన రిటైల్ వ్యాపారాన్ని రిలయన్స్‌కు రూ.24,713 కోట్లకు అమ్మడానికి ఒప్పందం చేసుకుంది. అంతకుముందే గ్రూప్ కంపెనీల్లో ఒకదాంట్లో పెట్టుబడి పెట్టిన అమెజాన్ దీనికి అడ్డం తిరిగింది. కేసులు సింగపూర్ ఆర్బిట్రేషన్ నుంచి సుప్రీంకోర్టు దాకా నడిచాయి. ఈలోగా స్టోర్ల అద్దెలు కట్టలేని పరిస్థితి వచ్చింది. చాలా స్టోర్ల లీజులు అప్పటికే రిలయన్స్ చేతికి మారిపోయాయి. 2022 ఫిబ్రవరిలో రిలయన్స్ ఆ స్టోర్లను స్వాధీనం చేసుకుంది. తర్వాత వాటిల్లో చాలావాటికి 'స్మార్ట్ బజార్' బోర్డులు పడ్డాయి. ఫ్యూచర్ రిటైల్ 2022 జులైలో దివాలా ప్రక్రియలోకి, 2024లో లిక్విడేషన్‌లోకి వెళ్లింది.

ఇందులో సామాన్యుడికి తెలియాల్సిన విషయం ఒకటుంది. ఒక పెద్ద స్టోర్ పోతే అది ఒక్కటే పోదు. మాల్ భాషలో దాన్ని 'యాంకర్' అంటారు, అంటే లంగరన్నమాట. సూపర్ మార్కెట్, పెద్ద బట్టల స్టోర్, మల్టీప్లెక్స్.. ఇవే యాంకర్లు. జనాన్ని లాక్కొచ్చేవి ఇవే కాబట్టి వీళ్లకు మాల్ యజమాని తక్కువ అద్దెకే జాగా ఇస్తాడు. అసలు అద్దె వసూలయ్యేది మధ్యలో ఉండే చిన్న షాపుల నుంచి. సరుకుల కోసం వచ్చినామె దారిలో చెప్పులు చూస్తుంది. సినిమాకి వచ్చిన కుర్రాళ్లు మొబైల్ కవర్ కొంటారు, మొక్కజొన్న కప్పు తింటారు. చిన్న షాపుల బేరమంతా ఈ దారిన పోయే జనంతోనే.

యాంకర్ ఖాళీ చేస్తే ఆ దారిలో నడిచేవాళ్లే ఉండరు. ముందు మొబైల్ కవర్ల షాపు మూతపడుతుంది, తర్వాత ఫుడ్ కోర్టులో ఒక్కో కౌంటర్. షాపులు తగ్గేకొద్దీ ఏసీ, కరెంటు, శుభ్రం, సెక్యూరిటీ ఖర్చుకు మెయింటెనెన్స్ కట్టేవాళ్లు తగ్గిపోతారు. దాంతో ఏసీ తగ్గిస్తారు. ఉక్కపోతలో ఎవరొస్తారు? అలా ఒకదాని వెంట ఒకటి. మల్టీప్లెక్స్‌లు కూడా ఇదే మాట అంటున్నాయి. 2023లో పీవీఆర్ ఐనాక్స్ దేశవ్యాప్తంగా 50 దాకా స్క్రీన్లు మూసేస్తామని ప్రకటించినప్పుడు, వాటిలో ఎక్కువ భాగం తేరుకునే ఆశ లేని పాత మాల్స్‌లోనే ఉన్నాయని చెప్పింది.

షాపు కొన్నవాళ్ల గోడు

కిటకిటలాడే మాల్‌కీ, వెలవెలబోయే మాల్‌కీ తేడా ఎక్కడుంది? ఆన్‌లైన్ షాపింగే కారణమంటే సగం నిజమే. అది రెండు మాల్స్‌నీ దెబ్బకొట్టింది. పది నిమిషాల్లో పాలు, కూరగాయలు, ఛార్జర్లు ఇంటికొస్తున్నాక సరుకుల కోసం మాల్‌కి వెళ్లేవాళ్లు తగ్గారు. మరి ఒకటి నిలబడి ఇంకోటి ఎందుకు పడిపోయింది?

చాలా చోట్ల జవాబు కట్టిన రోజే ఉంది. మాల్ మొత్తం ఒకే యజమాని చేతిలో ఉంటే ఏ షాపు ఎక్కడుండాలో, ఎవరికి ఎంత అద్దెకివ్వాలో అతనే నిర్ణయిస్తాడు. బేరం లేని షాపును మార్చి కొత్త బ్రాండ్ తెస్తాడు. కానీ పెట్టుబడి త్వరగా వెనక్కి రావాలనుకునే బిల్డర్ ఏం చేస్తాడంటే.. మాల్‌ని ముక్కలు చేసి 150 చదరపు అడుగులు, 200 చదరపు అడుగుల చొప్పున షాపులుగా అమ్మేస్తాడు. కొనేవాళ్లలో రిటైరైన ఉద్యోగులుంటారు, ఎన్నారై కొడుకు పంపిన డబ్బు ఎక్కడ పెట్టాలా అని చూసే తల్లిదండ్రులుంటారు. 'నెలనెలా అద్దె గ్యారంటీ' అన్న మాట వీళ్లకి బ్యాంకు వడ్డీ కంటే తియ్యగా వినిపిస్తుంది.

రెండు మూడేళ్లు ఆ అద్దె వస్తుంది కూడా. చాలాసార్లు అది షాపు సంపాదించిన అద్దె కాదు, బిల్డర్ తన జేబులోంచి ఇచ్చేది. అంటే కొన్నవాళ్ల డబ్బే తిరిగి కొన్నవాళ్లకి! గడువు అయిపోయాక అసలు రంగు బయటపడుతుంది. వంద షాపులకి వందమంది ఓనర్లు. ఒక పెద్ద బ్రాండ్ వచ్చి 'మాకు పది షాపులు కలిపి కావాలి' అంటే పదిమందీ ఒప్పుకోవాలి. ఒకరు అమెరికాలో ఉంటారు, ఒకరు ఎక్కువ అద్దె అడుగుతారు, ఇంకొకరి షాపు కోర్టు కేసులో ఉంటుంది. ఆ బ్రాండ్ పక్క మాల్‌కి పోతుంది. ఓనర్‌కి మాత్రం మెయింటెనెన్స్ బిల్లు, ప్రాపర్టీ ట్యాక్స్ ఆగవు. అమ్మేద్దామంటే కొనేవాడుండడు. ఖాళీ మాల్ అనగానే అందరికీ బిల్డర్ నష్టమే గుర్తొస్తుంది గానీ, ఎక్కువగా మునిగేది ఈ వందమందే.

మళ్లీ లేచిన మాల్ కూడా ఉంది

పడిపోయిన మాల్ లేవదా అంటే లేస్తుంది. కూకట్‌పల్లిలో ఒకప్పటి మంజీరా మాల్‌నే తీసుకోండి. అదే భవనాన్ని మెరుగులు దిద్ది 2023 సెప్టెంబరులో లులు మాల్‌గా తెరిచారు. తెరిచిన మొదటి రోజుల్లో వచ్చిన జనానికి ఆ రోడ్డు మీద ట్రాఫిక్ ఆగిపోయింది. అదే రోడ్డు, అదే చోటు. మారింది యాంకర్. భారీ హైపర్ మార్కెట్ ఒకటి వచ్చి కూర్చుంది. పడకేసిన ప్రతి మాల్‌కీ ఈ అదృష్టం పట్టదు. ముక్కలుగా అమ్మేసిన చోట ఇలాంటి మార్పు తేవాలంటే ముందు ఓనర్లందర్నీ ఒక్క బల్ల దగ్గర కూర్చోబెట్టాలి. మామూలు పని కాదు.

ఇక్కడో తమాషా. తెలుగు ఊళ్లలో 'షాపింగ్ మాల్' అంటే అసలు అర్థమే వేరు. నాలుగైదు అంతస్తుల బట్టల దుకాణం.. కింద చీరలు, పైన మగవాళ్ల బట్టలు, ఇంకో అంతస్తులో పిల్లలవి, వీలైతే ఓ బంగారం కౌంటర్. సీఎంఆర్, చందనా బ్రదర్స్, సౌత్ ఇండియా షాపింగ్ మాల్.. లెక్క ప్రకారం ఇవన్నీ డిపార్ట్‌మెంట్ స్టోర్లే. అమెరికాలో సియర్స్ లాంటి స్టోర్ 2018లో దివాలా తీస్తే, మన దగ్గర ఈ తరహా దుకాణాలకు కొత్త బ్రాంచీలు పడుతూనే ఉన్నాయి. కారణం పెద్ద రహస్యమేం కాదు. పెళ్లి చీర ఫోన్‌లో చూసి కొనరు. అత్తగారు, ఆడపడుచు, పిన్ని అందరూ వచ్చి, పరుపు మీద కూర్చుని, వంద చీరలు విప్పించి, అంచు వెలుతురులో చూసి, చివరికి మొదట చూసినదే తీసుకుంటారు. ఈ బేరాన్ని ఏ యాప్ ఇంకా లాక్కోలేకపోయింది.

మాల్‌లో షాపు కొనేముందు..

నగరం శివార్లలో కొత్త మాల్స్ కడుతూనే ఉన్నారు, షాపులు అమ్ముతామన్న ఫోన్లూ వస్తూనే ఉంటాయి. కొనాలనుకునేవాళ్లు ముందు తెలంగాణ రెరా వెబ్‌సైట్‌లో ఆ ప్రాజెక్టు రిజిస్టరైందో లేదో చూసుకోవాలి. ఇళ్లకే కాదు, దుకాణాలకూ రెరా చట్టం వర్తిస్తుంది. మాల్‌లో ఎంత భాగం అమ్ముతున్నారు, ఎంత బిల్డర్ తన దగ్గరే ఉంచుకుంటున్నాడు అని అడగాలి. అంతా అమ్మేస్తున్నాడంటే రేపు మాల్ నడిపే అవసరం అతనికి లేనట్టే. యాంకర్ స్టోర్‌తో లీజు సంతకమైందా, లేక 'మాట్లాడుతున్నాం' అంటున్నారా? అద్దె గ్యారంటీ ఎన్నేళ్లు, ఆ తర్వాత ఎవరు ఇస్తారు? షాపు ఖాళీగా ఉన్నప్పుడు మెయింటెనెన్స్ ఎవరు కట్టాలి? బ్రోచర్‌లో కాదు, అగ్రిమెంట్‌లో ఏం రాశారో చూడాలి. వీలైతే అదే బిల్డర్ ఐదారేళ్ల కిందట కట్టిన ఇంకో మాల్‌కి వారం మధ్యలో, మంగళవారమో బుధవారమో సాయంత్రం ఏడు గంటలకు వెళ్లి రెండో అంతస్తు దాకా ఎక్కి చూసి రావాలి.