జార్జియాలో చూడవలసిన చోట్లు

వచ్చే జూన్‌లో అమెరికా దక్షిణ రాష్ట్రమైన జార్జియాకు వెళ్లాలని అనుకుంటున్నాను. పిలిచినవాడు నా పూర్వ విద్యార్థి. అనంతపురం జిల్లాలో బోర్లన్నీ ఎండిపోయిన ఒక ఊరి గేరిలో పుట్టాడు. నేను హాస్టల్ వార్డెన్‌గా ఉన్న రోజుల్లో మా విశ్వవిద్యాలయంలో ఎంసీఏ చదివాడు. బెంగళూరు మీదుగా అట్లాంటా చేరి, దానికి ఉత్తరాన ఉన్న ఫోర్సైత్ కౌంటీలో ఇల్లు కొనుక్కున్నాడు. నేను చూడవలసిన చోట్ల జాబితా ఒకటి వాట్సాప్‌లో పంపాడు. అక్వేరియం, కోకాకోలా మ్యూజియం, స్టోన్ మౌంటెన్, లేక్ లానియర్‌లో పడవ షికారు, గుడి, చివరగా ఒక ఆదివారం తెలుగు కుటుంబాల విందు. దాని కింద మరో రెండు వాక్యాలు ఉన్నాయి: ‘ఆ రోజు రాయలసీమ కరువు గురించి మాట్లాడండి సార్. కులం సంగతి మాత్రం వద్దు, ఇక్కడ మేమెవరమో ఎవరికీ తెలియదు.’

వీసా కాగితాలు, విమానం టిక్కెట్ల ఆలోచన అక్కడితో ఆగిపోయింది. కులం మాట ఎత్తడానికి నా విద్యార్థి భయపడుతున్న ఆ చోటు ఎలాంటిదో తెలుసుకోవాలనిపించింది. చదవడం మొదలుపెట్టాను.

1912 సెప్టెంబరులో ఫోర్సైత్ కౌంటీలో ఒక శ్వేతజాతి యువతిపై దాడి జరిగింది. తర్వాత ఆమె మరణించింది. నేరం నల్లజాతి యువకుల మీద మోపారు. రాబ్ ఎడ్వర్డ్స్ అనే అతణ్ని కౌంటీ కేంద్రమైన కమ్మింగ్ పట్టణంలో జైలు నుంచి లాగి గుంపు చంపేసింది. ఇంకా ఇరవై ఏళ్లు నిండని ఇద్దరిని హడావుడి విచారణ జరిపి అక్టోబరులో ఉరితీశారు. అంతటితో ఆగలేదు. రాత్రిపూట గుర్రాల మీద తిరిగే ముఠాలు నల్లవారి ఇళ్ల మీద కాల్పులు జరిపాయి, చర్చిలు తగలబెట్టాయి, ఊరు వదలడానికి గడువులు పెట్టాయి. కొద్ది వారాల్లోనే సుమారు వెయ్యిమందికి పైగా ఉన్న నల్లజాతి జనాభా దాదాపు మొత్తం కౌంటీ దాటిపోయింది. భూమి ఉన్నవారిలో కొందరు కారుచౌకగా అమ్ముకున్నారు, అమ్ముకోలేనివారి పొలాలు పొరుగువాళ్ల పాలయ్యాయి. ఆ తర్వాత డెబ్భై ఏళ్లకు పైగా అక్కడ నల్లవారు నివసించే వీలు లేకుండా పోయింది. ప్యాట్రిక్ ఫిలిప్స్ 2016లో వెలువరించిన ‘బ్లడ్ ఎట్ ద రూట్’ ఈ చరిత్రనంతా వివరిస్తుంది. ఆయన ఆ కౌంటీలోనే పెరిగిన శ్వేతజాతీయుడు.

1987 జనవరిలో అక్కడ ఒక చిన్న శాంతియాత్ర జరిగితే దాని మీద రాళ్లు పడ్డాయి. వారం తిరిగేసరికి హోసియా విలియమ్స్ వంటి పౌరహక్కుల నాయకుల వెంట సుమారు ఇరవై వేలమంది కమ్మింగ్ వీధుల్లో నడిచారు. వారికి రక్షణగా నేషనల్ గార్డ్ దళాలను దింపవలసి వచ్చింది. ఇదంతా జరిగి నలభై ఏళ్లు కూడా కాలేదు.

ఈ చరిత్ర చదువుతున్న తెలుగువాడికి కారంచేడు గుర్తుకు రాకుండా ఉండదు. 1985 జూలై 17న అక్కడ ఆరుగురు మాదిగలను చంపిన తర్వాత, బతికినవారు చీరాల చేరి అక్కడే శిబిరం వేసుకున్నారు. మళ్లీ ఆ ఊరికి వెళ్లబోమని తేల్చిచెప్పారు. వాళ్ల కొత్త ఊరు విజయనగర్ కాలనీ అయింది. రెండింటి మధ్య తేడా కూడా చెప్పుకోవాలి. మన గ్రామం దళితుణ్ని పూర్తిగా వెళ్లగొట్టదు. అతని కష్టం కావాలి కనుక ఊరికీ గేరికీ మధ్య నాలుగు బారల దూరం ఉంచి ఆపుతుంది. ఫోర్సైత్‌లోనూ నల్లవారి శ్రమ మీద ఆధారపడిన శ్వేతజాతి రైతులు ఉన్నారు. వారిలో కొందరు తమ కూలీలను నిలుపుకోవాలని చూస్తే వాళ్లకూ బెదిరింపులు వచ్చాయి. అంటే జాతి ద్వేషం కొన్నిసార్లు సొంత లాభాన్ని కూడా కాదనుకుంటుంది. కులం అంత తొందరపడదు, దూరాన్నే లాభంగా మార్చుకుంటుంది. రెండూ ఒకటేనని నేను అనను. కానీ మనిషి ఎక్కడ నివసించాలో అతని పుట్టుకే నిర్ణయించాలనే సూత్రం రెండింటికీ ఉమ్మడి.

ఇప్పుడు ఆ కౌంటీ జనాభా రెండున్నర లక్షలు దాటింది. 2020 జనగణన ప్రకారం అందులో ఆసియా మూలాలవారు సుమారు 18 శాతం. వీరిలో భారతీయులు, అందులోనూ తెలుగువారు గణనీయంగా ఉన్నారు. మంచి బడులున్నాయని అక్కడ ఇళ్లు కొంటున్నారు. జార్జియా రాష్ట్రంలో నల్లజాతివారు దాదాపు మూడోవంతు ఉండగా ఈ కౌంటీలో నాలుగు శాతం చుట్టుపక్కలే ఉన్నారు. జార్జియాను నానా సంస్కృతుల రాష్ట్రం అంటారు, అది నిజమే. అయితే ఆ వైవిధ్యంలో ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎవరు ఎక్కడ లేరో కూడా లెక్క చూడాలి.

ఈ చరిత్ర తెలుసా అని నా విద్యార్థికి ఫోన్ చేసి అడిగాను. కాసేపు మాట్లాడలేదు. ‘ఇల్లు కొనేటప్పుడు స్కూలు రేటింగ్ చూశాను సార్, వరద వస్తుందేమో చూశాను. ఇది మాత్రం ఎవరూ చెప్పలేదు’ అన్నాడు. అతణ్ని నిందించడానికి నేను అడగలేదు. తాతలను ఊరి బయట ఉంచిన దేశం నుంచి వెళ్లినవాడు, మరొకరి తాతలను తరిమిన చోట తెలియకుండా ఇల్లు కట్టుకున్నాడు. ఇందులో అతని నేరం లేదు. కానీ తెలిసిన తర్వాత బాధ్యత ఉంటుంది.

అతను పంపిన జాబితాను మళ్లీ చూశాను. స్టోన్ మౌంటెన్ పైన 1915లో కూ క్లక్స్ క్లాన్ పునర్జన్మ ఎత్తింది. బానిసత్వాన్ని నిలపడానికి యుద్ధం చేసిన ముగ్గురు నాయకుల బొమ్మలు ఆ రాతి మీద చెక్కి ఉన్నాయి. ఆ పని ముగిసింది 1972లో, అంటే పౌరహక్కుల చట్టం వచ్చిన ఎనిమిదేళ్ల తర్వాత. లేక్ లానియర్ 1950లలో కట్టిన ఆనకట్ట వల్ల ఏర్పడిన జలాశయం. నల్లవారిని తరిమేసిన ఆస్కార్‌విల్ ప్రాంతపు భూములు కొన్ని దాని నీటి అడుగున ఉన్నాయి. వీటిని జాబితా నుంచి తీసేయమని నేను చెప్పలేదు. ఏం చూస్తున్నామో తెలిసి చూద్దామన్నాను.

జాబితాలో లేనివి కొన్ని చేర్చాను. మొదటిది అట్లాంటా ఆబర్న్ అవెన్యూలోని ఎబెనేజర్ చర్చి. మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశానికి వచ్చినప్పుడు, కేరళలో దళిత విద్యార్థులు చదివే ఒక బడిలో ప్రధానోపాధ్యాయుడు ఆయనను అమెరికా నుంచి వచ్చిన తోటి అంటరానివాడిగా పరిచయం చేశాడట. మొదట మనసు చివుక్కుమన్నా, ఆలోచించాక అది నిజమేనని ఒప్పుకున్నానని 1965 జూలై 4న ఇదే చర్చిలో కింగ్ చెప్పారు. రెండోది అట్లాంటా విశ్వవిద్యాలయం. అక్కడ ఏళ్ల తరబడి బోధించిన డుబాయిస్‌కు 1946లో అంబేడ్కర్ లేఖ రాశారు. నల్లజాతివారు ఐక్యరాజ్యసమితికి పెట్టుకుంటున్న విన్నపం ప్రతి కావాలని అడిగారు. అంతకు చాలా ముందే, 1873లో, ఫూలే తన ‘గులాంగిరి’ని బానిసత్వాన్ని రద్దు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. అంటే ఈ దారిలో మొదట నడిచింది మనం కాదు.

మూడోది దక్షిణ జార్జియాలోని ప్లెయిన్స్. అమెరికాలో వేరుశనగ ఎక్కువగా పండేది జార్జియాలోనే. మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఆ ఊరి వేరుశనగ రైతు. ఎర్రనేల, శెనక్కాయ, వాన కోసం ఎదురుచూపు, ఇవి అనంతపురంవాడికి పరాయివి కావు. పంట ఒకటే అయినప్పుడు భూమి ఎవరిదన్న ప్రశ్న కూడా ఒకటే అవుతుంది. 1865 జనవరిలో ఇదే రాష్ట్రంలోని సవానాలో జనరల్ షెర్మన్ ఉత్తర్వు ఇచ్చాడు. విముక్తులైన నల్లజాతి కుటుంబాలకు నలభై ఎకరాల వరకు భూమి కేటాయించాలన్నది దాని సారం. ఏడాది తిరగకముందే అధ్యక్షుడు ఆండ్రూ జాన్సన్ ఆ భూములను పాత యజమానులకు తిరిగి ఇప్పించాడు. భూమి దక్కనివారు పాలుకు చేసే కౌలుదార్లుగా, అప్పుల్లో పుట్టి అప్పుల్లో పోయారు. డీకేటీ పట్టా కాగితం ఒకరి చేతిలో, సేద్యం మరొకరి చేతిలో ఉండటం చూసిన మనకు దీన్ని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేదు.

ఇక ఆదివారం విందు సంగతి. ఎందుకు భయపడుతున్నావని అడిగితే అతను చెప్పిన జవాబు పెద్ద సిద్ధాంతమేమీ కాదు. ‘ఏ ఊరు అంటారు సార్. చెబితే ఇంటిపేరు అడుగుతారు. ఆ తర్వాత ఊళ్లో ఇల్లు ఎక్కడ అంటారు. అందుకే అనంతపురం టౌన్ అని ఆపేస్తాను. తెలిస్తే మా పిల్లవాడి పుట్టినరోజుకు వచ్చేవాళ్లు తగ్గిపోతారేమోనని.’ 2023లో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధించింది. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ ఆమోదించిన బిల్లును గవర్నర్ వెనక్కి పంపాడు. అప్పుడు మనవాళ్లలో చాలామంది అమెరికాలో కులం లేదని వాదించారు. ఎనిమిదేళ్ల పిల్లవాడి పుట్టినరోజుకు ఎవరు వస్తారన్న ఈ లెక్క ఆ వాదనకు అందదు. ఫోర్సైత్‌లో కూడా చాలాకాలం ఇక్కడ జాతి సమస్యే లేదనేవారట. సమస్య అని చెప్పగలిగినవాళ్లను తరిమేశాక అలా అనడం తేలిక. తరమకుండానే నోరు మూయించగలగడం కులానికి ఉన్న నేర్పు.

కరువు గురించి మాట్లాడమన్నాడు. మా జిల్లా కరువును కులం లేకుండా చెప్పడం నాకు చేతకాదు. బోరు వేసే స్తోమత ఎవరికుంది, రాళ్లగుట్ట కింది పట్టా ఎవరికిచ్చారు, మొదట బెంగళూరు బస్సెక్కింది ఎవరు అన్నవి తీసేస్తే మిగిలేది వర్షపాతం పట్టిక మాత్రమే. అతని గుట్టు బయటపెట్టే హక్కు నాకు లేదు. అలాగని అబద్ధపు కరువును చెప్పే హక్కూ లేదు. అందుకే రెండే దారులున్నాయని రాశాను: అతని ఊరి పేరు రాకుండా ఉన్నది ఉన్నట్టు మాట్లాడటం, లేదా ఆ విందుకు వెళ్లకపోవడం. ఏది మంచిదో నిర్ణయించవలసింది అతనే. నేను వారం తర్వాత విమానం ఎక్కేస్తాను, అక్కడ బతకవలసినది అతను.

దానికి ఇంకా జవాబు రాలేదు. మరోదానికి మాత్రం వచ్చింది. రాబ్ ఎడ్వర్డ్స్ హత్యను గుర్తుచేసే ఫలకాన్ని 2021లో కమ్మింగ్ పట్టణం మధ్యలో నిలిపారు. జాబితాలో దాన్ని మొదటి చోటుగా పెట్టమన్నాను. ‘రోజూ ఆ దారిలోనే వెళ్తాను, ఎప్పుడూ ఆగి చదవలేదు సార్. మా వాణ్ని కూడా తీసుకొస్తాను, ముగ్గురం కలిసి చదువుదాం’ అని రాశాడు. నా ప్రయాణానికి అది చాలు. ఆదివారం గడిని మాత్రం ఖాళీగా ఉంచాను.